తొమ్మిదో పేజీ

టైరును కాలితో తన్ని చూసేవాళ్లంటే బాలన్నకు గిట్టదు. తానైతే వంగి, అరచేత్తో నొక్కి చూస్తాడు. ఆరు టైర్లకూ ఆరుసార్లు వంగాలి, ఆరుసార్లు లేవాలి. యాభై ఏడేళ్ల మోకాళ్లు ఒక్కో టైరు దగ్గర ఒక్కో మాట అంటాయి. అననీ. తెల్లవారుజామున నాలుగుంపావుకు వాటి గోడు వినే తీరిక ఎవరికుంది?

సల్మాబాద్ సందులో గ్యారేజీల షట్టర్లు ఇంకా లేవలేదు. నిన్న ఎవరో కారుకు కొట్టిన రంగు వాసన గాలిలోనే ఉంది. టైర్ల తరువాత అద్దాలు, అద్దాల తరువాత లైట్లు. బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడాలంటే వెనక మరో మనిషి నిలబడాలి. ఆ వేళకు నిద్ర మానుకుని వచ్చేవాడెవడూ లేడు కాబట్టి బాలన్న ప్రతి రాత్రీ బస్సు వెనుక భాగాన్ని గోడకు దగ్గరగా నిలుపుతాడు. పొద్దున బ్రేకు తొక్కితే అద్దంలో గోడ ఎర్రగా కనిపించాలి. ఈ రోజు కూడా కనిపించింది.

పొట్టి మనిషి. మెడ లేనట్టు తల నేరుగా భుజాల మీద కూర్చుని ఉంటుంది. ఇరవై నాలుగేళ్లుగా కిటికీలోంచి పడిన ఎండకు ఎడమ చెయ్యి కుడిచెయ్యి కన్నా బాగా నల్లబడింది. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చేతులనుకోవాలి. ఏడో తరగతి దాకా చదివాడు. పద్నాలుగేళ్లకు లారీ క్లీనరు, ఇరవై రెండేళ్లకు డ్రైవరు, ముప్పై మూడేళ్లకు ఇక్కడ బస్సు. జగిత్యాల దగ్గరి ఊళ్లో భార్య చిన్నవ్వ ఉంది. ఆమె లెక్కలో మొగుడు ఉండేది దుబాయిలో. బహ్రెయిన్ వేరే దేశమని మొదట్లో రెండు మూడుసార్లు చెప్పి చూసి, తరువాత ఊరుకున్నాడు.

ఆ గురువారం సీటు పక్కన సంచిలో పద్నాలుగు పేజీల కాగితాల కట్ట, ఒక గీతల నోటుపుస్తకం ఉన్నాయి. కట్ట కంపెనీది. రోడ్డు మీద డ్రైవర్లు పాటించాల్సిన రూల్సు అన్నీ చట్టంలోంచి తీసి అరబ్బీలో, ఇంగ్లీషులో అచ్చు వేశారు. ఆఖరి పేజీలో నాలుగు వరుసలు: ఇవన్నీ చదివాను, అర్థం చేసుకున్నాను, తప్పు జరిగితే బాధ్యత నాదే. కింద సంతకం. ఆ కంపెనీలో తెలుగు డ్రైవర్లు పదకొండు మంది. ఏటా ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని సంతకాలు గీకి, చాయ్ తాగడానికి పోయేవారు. ఈ ఏడు బాలన్న అడ్డం తిరిగాడు. తెలుగులో అర్థమయ్యేదాకా ఎవరూ పెన్ను ముట్టొద్దన్నాడు. పెద్దవాడి మాట కదా అని పది మందీ ఆగారు. ఈ సాయంత్రం ఆరింటికల్లా సంతకాలు అందకపోతే శనివారం నుంచి బస్సు తాళాలు ఇవ్వబోమని ఆఫీసువాళ్లు చెప్పేశారు. అంటే, బాలన్న మొండిపట్టు వల్ల పదకొండు మంది పని పోయేలా ఉంది. ఎనిమిది పేజీలు తెలుగులోకి దిగాయి. ఇంకా ఆరు మిగిలాయి.

మేస్త్రీలు, కూలీలు ఎక్కారు. ఒకడు నడవలో నిలబడి నడుముకు బెల్టు సరిచేసుకుంటున్నాడు. బస్సు కదలలేదు.

"యల్లా బాలన్నా, లేటయితది," అన్నాడు వెనక నుంచి ఎవరో.

"నువ్వు కూసున్నంక పోదం," అన్నాడు బాలన్న అద్దంలో చూస్తూ.

హమద్ టౌన్ సైటులో వాళ్లను దింపేసరికి అయిదున్నర. మళ్లీ సల్మాబాద్ వచ్చి, ఆడవాళ్ల బిల్డింగు ముందు ఆగి, హోటళ్లలో గదులు సర్దేవాళ్లను ఎక్కించుకుని జుఫైర్ చేరేసరికి ఏడు. బస్సు నడిపేటప్పుడు ఆయన సంచి వైపు చూడనైనా చూడడు. సిగ్నలు దగ్గర ఆగినా చూడడు. హోటలు వెనక, సరుకు దింపే గేటు పక్కన బండి నిలిపి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే నోటుపుస్తకం బయటికి వచ్చింది.

పది గంటలకు పద్మజ వచ్చింది. పాలకొల్లు వైపు పిల్ల. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆపేసి, ఇక్కడ రోజుకు పదహారు గదులు సర్దుతోంది. టీ తాగడానికి ఇచ్చే ఇరవై నిమిషాలనూ అయిదు రోజులుగా బాలన్న బస్సు మెట్ల మీదే గడుపుతోంది. ఆయన కొన్న కరక్ చాయ్ ఒక చేత్తో, ఇంగ్లీషు కాగితం ఇంకో చేత్తో పట్టుకుని చదువుతుంది. చదివింది తెలుగులో చెబుతుంది. ఆమె చెప్పింది ఆయన తన తెలుగులో రాసుకుంటాడు.

"ఇది కాస్త పెద్దదే ఉంది బాబాయ్, ఉండండి," అని తొమ్మిదో పేజీని ముందు తనలో తాను చదువుకుంది. "ప్రమాదం జరిగితే డ్రైవరు అక్కణ్నించి వెళ్లిపోకూడదంట. దెబ్బలు తగిలినోళ్లుంటే అంబులెన్సుని పిలవాలి. ఎవరికీ ఏం కాకపోతే బండి పక్కకి తీసుకోవచ్చు. కానీ పోలీసులకి చెప్పి, వాళ్లు సరేననేదాకా మనిషి మాత్రం అక్కడే ఉండాలి. వెళ్లిపోతే అది ఇంకో నేరమంట. గుద్దినదానికంటే అదే పెద్దదవుతుందంట."

బాలన్న పెన్ను కదలలేదు.

"రాసుకోలేదేంటి బాబాయ్?"

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా."

ఆమె మళ్లీ చెప్పింది. ఆయన విన్నాడు. గేటులోంచి దుప్పట్ల బండి ఒకటి గడగడమంటూ బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పోయింది.

నర్సింగ్ సంగతి క్యాంపులో తెలియనివాళ్లు లేరు. డిసెంబరులో సల్మాబాద్ మలుపు దగ్గర అతని బస్సు ఒక కారుకు రాసుకుంది. కారు వెనక లైటు పగిలింది, అంతే. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. కారులోంచి ఒకామె ఫోను పట్టుకుని దిగింది. ఆమె దిగడం చూసి నర్సింగ్ తలుపు తీసుకుని కాళ్లకు బుద్ధి చెప్పాడు. నడిరోడ్డు మీద ఇంజను ఆడుతూనే ఉంది, లోపల ఇరవై ఆరుగురు కూలీలు కూర్చునే ఉన్నారు. అతను మూడు సందులు దాటి క్యాంపుకు పోయి, తన మంచం కింద దూరాడు. గంటలో పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఎందుకు పారిపోయావని అడిగారట. నర్సింగ్‌కు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పారిపోక ఏం చేస్తారు? కేసయింది, వీసా రద్దయింది, జనవరిలో ఇంటికి పంపేశారు. పోయే ముందు ఆఫీసులో అతని సంతకం చూపించారు. అది తొమ్మిదో పేజీలోని రూలుకు కూడా వర్తించే సంతకమని అప్పుడు ఎవరూ విడమరచి చెప్పలేదు. అన్నీ చదివే పెట్టావు కదా అన్నారు.

పిరికితనమని నవ్వినవాళ్లున్నారు. వాళ్లెప్పుడూ లారీ నడిపి ఉండరు. మన రోడ్ల మీద లారీ మేకను తాకినా ఊరు ఊరంతా కర్రలతో వస్తుంది. తప్పెవరిదని అడిగేవాడుండడు. డ్రైవరు ముందు దొరక్కుండా పోవాలి. పోయి, తనంతట తానే పోలీసు స్టేషనులో కూర్చోవాలి. గ్రీజు పెట్టడం, తాడు బిగించడం ఎలాగో ఇదీ అలాగే. పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు.

నర్సింగ్‌కు నేర్పింది బాలన్న. ఇరవై ఆరేళ్ల కిందట ఆదిలాబాద్ రోడ్డు మీద ఒక దాబాలో, పద్దెనిమిదేళ్ల క్లీనరుకు రొట్టె విరిచి పెడుతూ చెప్పాడు. గుద్దినవంటే ఏం సోచాయించకు, ఉరుకు. పానముంటే తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ పిల్లవాడు బుద్ధిగా విన్నాడు. ఇన్నేళ్లయినా మరవలేదు.

"ఉరుకుమని చెప్పింది నేనే బిడ్డా," అన్నాడు బాలన్న. "ఇక్కడికి పిలిపించుకున్నది గూడ నేనే. ఉరుకుడు మాన్పియ్యలే."

పద్మజ చల్లారిన చాయ్ గడగడా తాగేసి, "మిగిలిన అయిదు పేజీలూ తొందరగా కానిచ్చేద్దాం బాబాయ్," అంది. ఆ రోజు ఇరవై నిమిషాలు ముప్పై అయిదయ్యాయి. సూపర్‌వైజరు ఆమెను ఏమన్నాడో బాలన్నకు తెలియదు. ఆమె చెప్పలేదు.

ఆమె వెళ్లాక ఆయన నర్సింగ్‌కు ఫోను చేశాడు. జనవరి తరువాత ఇదే మొదటిసారి. నర్సింగ్ ఇప్పుడు ఊళ్లో ఎవరిదో ట్రాక్టరు నడుపుతున్నాడు.

"నర్సింగూ, నేన్రా. నీకు తప్పు నేర్పిన."

అవతల ట్రాక్టరు చప్పుడు వినిపించింది. తరువాత అది ఆగింది.

"గది మన దగ్గర తప్పు గాదన్నా."

"ఇక్కడ తప్పు. కాగితంల ఉన్నది. ఇయ్యాల చదివిపిచ్చిన."

"మరి గప్పుడు నాకెవ్వలు చెప్పిండ్రే?"

"ఎవ్వలు చెప్పలే. గందుకే ఫోన్ జేసిన."

"సరే తియ్యన్నా," అన్నాడు నర్సింగ్. కోపం లేదు. అదే బాలన్నను ఎక్కువ బాధపెట్టింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే గుండె బరువు కొంత దిగేది. మనసులో వాడి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు గానీ, నోటితో "పైలం" అని మాత్రం అని ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆఫీసు మెట్లెక్కాడు. రెండంతస్తులకు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ట్రాన్స్‌పోర్టు చూసే భీమేశ్వరరావుది రాజమండ్రి వైపు. చెడ్డవాడు కాదు. పైవాళ్లు అడిగింది కిందివాళ్ల దగ్గర వసూలు చేసి పైకి పంపడం అతని ఉద్యోగం. టేబులు మీద సగం తిన్న ఖుబ్బూస్ రొట్టె ఉంది.

"తెచ్చావా సంతకాలు?"

"సాయంత్రం మెస్సుల అందరికి చెప్త సార్. చెప్పినంక వెడ్తరు."

"కొత్తగా చెప్పేదేముందయ్యా? ఏటేటా పెడుతున్నదే కదా. నువ్వెన్నిసార్లు పెట్టలేదు?"

"ఇరువై నాలుగుసార్లు వెట్టిన సార్. దేని మీద వెట్టిన్నో ఇయ్యాల పొద్దుగాల తెల్సింది."

భీమేశ్వరరావు చెయ్యి చాపాడు. బాలన్న నోటుపుస్తకం ఇచ్చాడు. లావుపాటి అక్షరాలు. ఒత్తులు కొన్ని తప్పు, కొన్ని అసలు లేవు. దారి నీదే అయినా ఎదుటోడు ఆగకుంటే నువ్వు ఆగు. రౌండబౌట్ల ఉన్నోనిది ముందు, బయట ఉన్నోనిది తర్వాత. హారను కొట్టుడు మర్యాద కాదు. నిద్ర వస్తే ఫోన్ చేసి చెప్పు, నడపకు.

"దారి నీదే అయినా నువ్వు ఆగు. ఇది చట్టంలో ఎక్కడుందయ్యా?"

"మూడో పేజీల సార్. అరపేజి ఉన్నది గాడ."

భీమేశ్వరరావు తన కట్ట తీసి మూడో పేజీ వెతికాడు. చదివాడు. పెదవులు కదుపుతూ రెండోసారి చదివాడు. ఇన్నేళ్లుగా ఆ కట్టను తాను కూడా స్టేపులు కొట్టి పంచడమే తప్ప చదవలేదన్న సంగతి అతని ముఖంలో తెలిసిపోయింది. లేచి వెళ్లి, నోటుపుస్తకంలోని పేజీలన్నీ పదకొండేసి కాపీలు తీసి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు.

"ఆరు దాటిందంటే మాత్రం నా చేతుల్లో ఉండదు బాలన్నా."

"దాటదు సార్."

అయిదింటికి మెస్సులో పది మందీ చేరారు. కొందరు స్నానాలు చేసి లుంగీల్లో వచ్చారు, కొందరు యూనిఫాం మీదే ఉన్నారు. కాపీలు పంచితే కళ్లకు దగ్గరగా ఒకడు, దూరంగా ఒకడు పట్టుకుని కూడబలుక్కున్నారు. ఎనిమిది పేజీలు అరగంటలో అయిపోయాయి. హారను దగ్గర కాసేపు నవ్వుకున్నారు. మొదటి నెలలో మర్యాదకని అందరికీ హారను కొట్టి, అందరి చేతా తిట్లు తిన్నవాళ్లే అంతా.

తొమ్మిదో పేజీ దగ్గర బాలన్న కాగితం కింద పెట్టాడు. వంటగదిలోంచి స్టీలు పళ్లెం, రెండు నిమ్మకాయలు, ఒక పచ్చిమిరపకాయ తెచ్చాడు.

"దిష్టి తీస్తున్నవా కాకా?" అన్నాడు మల్లేష్. ముప్పై అయిదేళ్లవాడు, వేములవాడ పక్క ఊరు. రెండేళ్ల కిందటి దాకా ఇటుకల లారీ నడిపి వచ్చాడు. అందరూ నవ్వారు. బాలన్న నవ్వలేదు.

"ఇది నీ బస్సు. ఇది ఎదుటోని కారు." రెండు నిమ్మకాయలనూ పళ్లెంలో ఒకదానికొకటి తగిలించి పెట్టాడు. మిరపకాయను మల్లేష్ చేతికిచ్చాడు. "ఇది నువ్వు. తగిలింది. ఇప్పుడు యాడుంటవ్? పెట్టు."

మల్లేష్ ఆలోచించలేదు. మిరపకాయను పళ్లెం దాటించి, టేబులు చివర ఉప్పు డబ్బా చాటుకు నెట్టాడు. మళ్లీ నవ్వులు. అక్కడున్న ప్రతివాడూ దాన్ని అక్కడికే నెట్టి ఉండేవాడు.

"నర్సింగు గూడ గాడికే ఉరికిండు," అన్నాడు బాలన్న. నవ్వులు ఆగిపోయాయి. "వానికి ఉరుకుమని నేర్పింది నేను. తప్పు నాది. ఇక్కడ గుంపు రాదు, కట్టెలు రావు. పోలీసు వస్తడు, రాసుకుంటడు, పోతడు. బండి పక్కకు తియ్యి. ఎవనికన్న దెబ్బలు తాకితే అంబులెన్సుకు చెయ్యి. నువ్వు మాత్రం పోవద్దు. ఉరికినవంటే ఏం తప్పు చెయ్యనోనివి గూడ దొంగవైతవ్."

"గా కారామె దిగి లొల్లి వెడ్తె?" అన్నాడు ఒకడు.

"వెట్టనీ. వినుకుంట నిలవడు."

"మనకు వాళ్ల భాష రాదు గదనే," అన్నాడు మల్లేష్.

"భాష రాకున్నా నిలవడొచ్చు."

మల్లేష్ టేబులు చివరిదాకా చెయ్యి చాపి, ఉప్పు డబ్బా వెనక నుంచి మిరపకాయను తీసుకున్నాడు. తెచ్చి నిమ్మకాయకు ఆనించి పెట్టాడు. అది దొర్లబోతే వేలితో ఆపి, మళ్లీ సరిగా పెట్టాడు. బాలన్న ఆ వేలి వైపే చూశాడు. ఆ రోజంతటిలో ఆయన ముఖం తేటపడింది అప్పుడే.

మిగిలిన పేజీలు తొందరగానే అయ్యాయి. ఆరుకు పది నిమిషాలుంది. "మీరు వెట్టుండ్రి, నేను ఆఖరుకు వెడ్త," అని బాలన్న గోడ పక్క బల్ల మీద వెనక్కి వాలి కూర్చున్నాడు. ఈసారి ఎవరి వీపూ వాడుకోలేదు. పది మందీ ఒకరి తరువాత ఒకరు టేబులు ముందు కూర్చుని, తమ కాగితం మీద వంగి సంతకం పెట్టారు. ఇద్దరు మాత్రం పెన్ను పట్టుకుని తొమ్మిదో పేజీ మళ్లీ అడిగారు. వాళ్లకు మల్లేషే చెప్పాడు.

"కాకా, నీదొక్కటే ఉంది," అని మల్లేష్ కాగితం తీసుకుని వెళ్లాడు. బాలన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. తెల్లవారకముందు లేచిన మనిషి, కునుకు పట్టిందనుకున్నాడు. భుజం తట్టాడు. మోకాలి దగ్గర పెట్టుకున్న చాయ్ గ్లాసు మీద మీగడ కట్టి ఉంది. మల్లేష్ మళ్లీ తట్టాడు.

ఆరింటికి కాగితాల కోసం వచ్చిన భీమేశ్వరరావు గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. పదకొండు కాగితాల్లో పది మీద సంతకాలున్నాయి. ఆ పదీ ఆఫీసుకు వెళ్లాయి. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. బాలన్న శవం ఉన్న పెట్టె ఇంటికి కదలడానికి ఆరు రోజులు పట్టింది. హైదరాబాద్‌లో దాన్ని దించుకుని జగిత్యాల దాకా పక్కనే కూర్చుని వెళ్లింది నర్సింగ్ అని తరువాత తెలిసింది.

నెల తిరక్కుండానే, హమద్ టౌన్ పదమూడో రౌండబౌట్ దగ్గర మల్లేష్ బస్సు ఒక ముసలాయన కారును వెనక నుంచి తాకింది. బంపరు వంగింది. ముసలాయన అరుస్తూ దిగాడు. మల్లేష్ తలుపు తీసుకుని దూకాడు, ఉరికాడు. సరిగ్గా ఏడడుగులు. ఏడో అడుగు దగ్గర నిలబడిపోయాడు. బస్సులో కూలీలు కిటికీల్లోంచి చూస్తున్నారు. వెనక్కి నడిచి వచ్చాడు. బండిని పక్కకు తీసి, ఫోను చేసి, ముసలాయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముసలాయన చాలాసేపు తిట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పోలీసు వచ్చాడు, బండ్లను చూశాడు, కాగితాలు అడిగాడు, రాసుకున్నాడు. "ఖలాస్, పో," అన్నాడు.

మల్లేష్‌కు నమ్మకం కుదరక మళ్లీ అడిగాడు. పో అన్నాడు పోలీసు. కూలీలను సైటులో దింపి, బస్సు మెట్ల మీద కూర్చుని, వాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు.

సాయంత్రం మెస్సుకు వచ్చి నీళ్లు తాగాడు. బాలన్న పోయిన రోజు టేబులు తుడవబోయిన వంటాయన్ను పది మందీ అడ్డుకుంటే, అతను విసుక్కుంటూ ఆ నిమ్మకాయల పళ్లెం ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టాడు. అది ఇంకా అక్కడే ఉంది. నిమ్మకాయలు రెండూ గోధుమరంగు తిరిగి రాళ్లలా గట్టిపడ్డాయి. పచ్చిమిరపకాయ ఎర్రబడి, ఎండి, ముడుచుకుపోయి, నిమ్మకాయ పక్కనే ఉంది.